సైలెన్సరు విప్పిన ఆదివారం



సంక్రాంతి వెళ్లిన వారానికి మా కారు గొంతు మారింది. మాది పాత మారుతి 800. పొద్దున తాళం తిప్పితే ఎప్పుడూ కుట్టుమిషనులా సన్నగా ఆడే బండి, ఆ రోజు పొలంలో ట్రాక్టరులా బడబడమంది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఏవండీ, ఆ చప్పుడు మన కారుదేనా?" అని అడిగింది. ఇంజను ఆపి, చల్లారాక వంగి చూశాను. వెనక బంపరు కింద ఉండే సైలెన్సరు డబ్బా అడుగున చిక్కుడు గింజంత కన్నం కనిపించింది. స్క్రూడ్రైవరు మొనతో దాని అంచు తాకితే రేకు అప్పడంలా విరిగింది.

నేను ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ ట్రేడు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. ఆ పాడైన ముక్కను ఇంటి దగ్గరే నా చేతులతో విప్పాను. మెకానిక్ షెడ్డులో ఇది గంట లోపు పని. అక్కడ బండిని పైకెత్తే లిఫ్టు ఉంటుంది, గ్యాస్ కటింగు ఉంటుంది, రోజూ అదే పని చేసే చేతులుంటాయి. నాకు మాత్రం శనివారం, ఆదివారం రెండు రోజులూ పట్టింది. ఆ రెండు రోజులు ఎక్కడ పట్టాయో, ఎందుకు పట్టాలో ఈ రోజు మీతో చెబుతాను.

ముందు అసలు ఆ డబ్బాయే ఎందుకు పోయిందో చూద్దాం. తుప్పు అనగానే వానలో తడిసిందనో, రోడ్డు మీది బురద అంటుకుందనో అనుకుంటాం. మాది కాకినాడ. సముద్రపు ఉప్పుగాలికి ఇక్కడ గేటు కమ్మీలు కూడా నిలవవు. కాబట్టి బయటి నుంచి తుప్పు పట్టడం నిజమే. కానీ సైలెన్సరును ఎక్కువగా తినేది లోపలి నీరు. పెట్రోలులో ఉండే హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండితే నీరు పుడుతుంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పొగగొట్టంలోకి వస్తుంది. తెల్లారి బండి తీసినప్పుడు గొట్టం చివర నుంచి బొట్లు రాలడం మీలో చాలామంది చూసే ఉంటారు. అది ఆ నీరే.

ఇంజను పక్కన ఉండే గొట్టం బాగా కాలుతుంది కాబట్టి అక్కడ నీరు నిలవదు, ఆవిరిగానే ముందుకు సాగిపోతుంది. వెనక ఉన్న డబ్బా దగ్గరికి వచ్చేసరికి వేడి తగ్గి, చల్లటి రేకు తగిలి, ఆ ఆవిరి మళ్లీ నీరవుతుంది. పొగలోని ఆమ్లాలు అందులో కరుగుతాయి. దూర ప్రయాణమైతే డబ్బా కూడా కాగి, లోపలి తడి ఆరిపోతుంది. నాలాగా పొద్దున రైతుబజారుకు, సాయంత్రం భానుగుడి సెంటరు దాకా తిప్పి తెచ్చి పెట్టేసే బండిలో ఆ నీరు ఆరే వీలే ఉండదు. రాత్రంతా డబ్బా అడుగున నిలిచి ఇనుమును తింటుంది. తక్కువ తిరిగిన బండి ఎక్కువ కాలం మన్నుతుందని చాలామంది నమ్మకం. సైలెన్సరు విషయంలో అది తప్పు. నెలకు ఒకటి రెండు సార్లయినా అన్నవరం దాకానో, రాజమండ్రి దాకానో పోయివచ్చే బండి సైలెన్సరే ఎక్కువ రోజులు ఉంటుంది.

ఈ డబ్బా చేసే పని గురించి కూడా ఒక మాట చెప్పాలి. మారుతి 800 ఇంజనుకు మూడు సిలిండర్లు. బండి నిలిచి ఉండి, ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందంటే, సెకనుకు 20 సార్లు లోపల ఇంధనం మండుతోందన్నమాట. మండిన ప్రతిసారీ ఒక ఒత్తిడి అల పొగతో పాటు గొట్టంలోకి దూసుకొస్తుంది. డబ్బాలో అడ్డుగోడలు, చిల్లులున్న గొట్టాలు, వేరువేరు కొలతల గదులు ఉంటాయి. ఆ అల గోడలకు తగిలి వెనక్కి మళ్లి, ఎదురొచ్చే అలతో ఢీకొని బలం కోల్పోతుంది. పొగ బయటికి వెళ్లిపోతుంది, చప్పుడు లోపలే చాలావరకు అణిగిపోతుంది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో రీవ్స్ అన్నదమ్ములు ఇలాంటి సైలెన్సరుకు 1897లో పేటెంటు తీసుకున్నారు. అప్పటికి కార్లు అంటే రోడ్డు మీద గుర్రాలు బెదిరిపోయే రోజులు. నూట పాతికేళ్లు దాటినా మన కారు కింద వేలాడే డబ్బాలో మూలసూత్రం అదే.

ఇక పని మొదలుపెట్టే చోటుకు వద్దాం. శ్రోతలు ఇక్కడ కొంచెం ఓపిగ్గా వినాలి. నా ప్రసంగంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే.

కారు కింద మనిషి ప్రాణం తీసేవి రెండు. ఒకటి బరువు, రెండు గాలి.

బరువు సంగతి ముందు. మారుతి 800 చిన్న బండే. అయినా 600 కిలోలు దాటుతుంది. డిక్కీలో కంపెనీ పెట్టి ఇచ్చే జాకీ చక్రం మార్చడానికే. దాని మీద బండిని నిలబెట్టి కిందికి దూరకూడదు. నా ఉద్యోగం కొత్తలో మా అత్తగారి ఊళ్లో ఒకసారి ఈ తప్పు నేనే చేయబోయాను. వానాకాలం. పెరట్లో నేల పైకి గట్టిగానే కనిపిస్తోంది. జాకీ వేసి వెనక భాగం ఎత్తాను. కిందికి దూరడానికి గోనెసంచి పరుచుకుంటున్నాను. "బావగారూ, ముందు కాఫీ తాగి పడుకోండి" అని మా బావమరిది పిలిస్తే అరుగు దాకా వెళ్లాను. గ్లాసు నోటి దగ్గరికి వెళ్లేలోపు జాకీ మడమ మట్టిలోకి దిగబడి, పక్కకు ఒరిగి, బండి దబ్బున కూలబడింది. గోనెసంచి మీద నేను తల పెట్టుకోవాల్సిన చోట గొట్టం ఆనుకుని ఉంది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ తర్వాత నా దగ్గర చదివిన ప్రతి బ్యాచికీ మొదటి రోజు ఈ సంగతే చెప్పాను.

కాబట్టి నేల సిమెంటుదై ఉండాలి, సమంగా ఉండాలి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు అడ్డం పెట్టాలి. జాకీతో ఎత్తాక బరువంతా ఇనుప స్టాండ్ల మీదికి దించాలి. ఆ స్టాండ్లు ఛాసీలో గట్టి చోట ఆనాలి, రేకు మీద కాదు. స్టాండ్లు పెట్టాక బండిని చేత్తో అటూ ఇటూ బాగా ఊపి చూడండి. కదలకపోతేనే కిందికి వెళ్లండి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు పేర్చి వాటి మీద బండిని నిలబెట్టేవాళ్లను చూశాను. ఇటుక నిన్నటిదాకా మోసింది కదా అని ఇవాళ మోస్తుందన్న భరోసా లేదు. పగిలేటప్పుడు అది ముందుగా చెప్పదు, ఒక్కసారిగా పగులుతుంది. స్టాండ్లు కొనుక్కోలేకపోతే తెలిసిన షెడ్డులో ఒక రోజుకు అడిగి తెచ్చుకోండి. అవి దొరక్కపోతే ఆ పని మానుకోండి.

గాలి సంగతి ఇంకా మెలకువగా వినాలి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మొదట తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం. ఆ తర్వాత మత్తుగా నిద్ర వస్తుంది. అలా నిద్రలోకి జారినవాళ్లు చాలామంది మళ్లీ లేవలేదు. అందుకే సైలెన్సరు కారుతోందో లేదో చూడాలంటే బండిని షెడ్డులోంచి బయటికి తీసి, ఆరుబయట, ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. కింద పడుకోకుండా పక్క నుంచి వంగి వినండి. అతుకుల దగ్గర బుసబుసమని శబ్దం వచ్చినా, మసి చారలు కనిపించినా పొగ అక్కడే తప్పించుకుంటున్నట్టు. చూడటం అయిపోగానే ఇంజను ఆపేయాలి. కన్నం పడ్డ గొట్టం మీద నెలల తరబడి తిరిగేవాళ్లున్నారు. చప్పుడే కదా అని సరిపెట్టుకుంటారు. నేల రేకులో తుప్పు కన్నాలుంటే ఆ పొగ నేరుగా వెనక సీట్లో కూర్చున్న పిల్లల దగ్గరికి వస్తుంది. అద్దాలు ఎత్తి, ఏసీ వేసుకుని, ఇంజను ఆడుతూ ఉండగా కారులో నిద్రపోవడం కూడా ఇందుకే ప్రమాదం.

శనివారం సాయంత్రం నేను చేసింది ఒకటే పని. ముందు గొట్టానికీ సైలెన్సరు ముక్కకూ మధ్య అతుకు ఉంటుంది. రెండు వైపులా చెవుల్లాంటి పలకలు, మధ్యలో గాస్కెట్, రెండు బోల్టులు. ఆ నట్ల మీద ఇనుప బ్రష్షుతో రుద్ది, తుప్పు పొట్టు రాల్చి, తుప్పు వదిలించే నూనె కొట్టి వచ్చేశాను. కళ్లద్దాలు తప్పకుండా పెట్టుకోవాలి. వెల్లకిలా పడుకున్న మనిషి కంట్లోకి ఆ పొట్టు నేరుగా రాలుతుంది. గంట తర్వాత ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి మళ్లీ నూనె కొట్టాను. మా కాలంలో కిరసనాయిల్లో గుడ్డ తడిపి చుట్టేవాళ్లం. అదీ పనిచేసేది.

ఎందుకింత సేపు అంటారేమో. ఇనుము తుప్పుగా మారితే రెండింతలకు మించి ఉబ్బుతుంది. నట్టుకూ బోల్టుకూ మధ్య మరల్లో ఉన్న వెంట్రుకవాసి సందు ఆ ఉబ్బుతో నిండిపోతుంది. అందుకే నట్టు కరుచుకుపోతుంది. దీపం వత్తి నూనెను లాక్కున్నట్టుగా ఆ తుప్పు మెల్లగా నూనెను పీల్చుకోవాలి. అది పది నిమిషాల్లో జరగదు. మధ్యమధ్యలో సుత్తితో నట్టు మీద చిన్నగా తడుతూ ఉంటే ఆ అదురుకు తుప్పు చిట్లి నూనె ఇంకా లోపలికి దిగుతుంది.

ఆదివారం పొద్దున రింగు పానా వేశాను. మూతి తెరిచి ఉండే పానా ఇలాంటి నట్టుకు పనికిరాదు. రెండు అంచులనే పట్టుకుని, జారి, నట్టు అంచులు అరగదీసి గుండ్రం చేస్తుంది. గుండ్రమైన నట్టును ఇక పానాతో విప్పలేం. రింగు పానా గానీ, ఆరు పలకల బాక్సు గానీ అన్ని వైపులా పట్టుకుంటుంది. కొందరికి చోద్యంగా అనిపించే సంగతి ఒకటి ఉంది. మొండి నట్టును ముందు విప్పే వైపు కాదు, బిగించే వైపు పిసరంత కదపాలి. దాంతో తుప్పు పట్టు విరుగుతుంది. అది విరిగాక విప్పే వైపు తిప్పాలి. పావు చుట్టు విప్పాక, మళ్లీ కొంచెం బిగించి, మళ్లీ నూనె చుక్క వేసి, ఇంకో పావు. పానా పట్టుకున్న చేతికి ఆ నట్టు అన్నీ చెబుతుంది. కీచుమని అరిచి కదిలిందంటే వదులవుతున్నట్టు. అరవకుండా మెత్తగా, రబ్బరు తిప్పినట్టు సాగుతోందంటే బోల్టు మెలి తిరుగుతోందన్నమాట, ఇంకాస్త తిప్పితే విరుగుతుంది. అక్కడే ఆగాలి.

మొదటి నట్టు ఇరవై నిమిషాల్లో వచ్చింది. రెండోది రాలేదు. మెత్తగా సాగడం మొదలుపెట్టింది. నేను ఆగాను. గ్రైండరుతో కోసేయడమా, గ్యాసు మంటతో కాల్చి వదులు చేయడమా అన్న ఆలోచన వచ్చింది. షెడ్డులో అలాగే చేస్తారు. వేడికి నట్టు వ్యాకోచించి బోల్టును వదిలేస్తుంది. కానీ ఇంట్లో వద్దు. పెట్రోలు ట్యాంకు, పెట్రోలు పైపు, బ్రేకు పైపులు అక్కడికి జానెడు, మూరెడు దూరంలోనే ఉంటాయి. పైగా మనం పోసిన నూనె కూడా మండేదే. నేను హ్యాక్సా బ్లేడు తీసుకుని, నిప్పురవ్వ రాకుండా, నట్టుకూ పలకకూ మధ్య చేత్తోనే కోశాను. ముప్పావుగంట పట్టింది. భుజాలు పట్టేశాయి. బోల్టు ఖరీదు ఎంతని! అది పోతే కొత్తది వేసుకోవచ్చు.

ఇక డబ్బాను మోస్తున్నవి రబ్బరు ఉంగరాలు. ఇనుప కొక్కేలకు తగిలించి ఉంటాయి. చాలామంది ముందు ఇవి ఊడదీస్తారు. అప్పుడు డబ్బా బరువంతా అతుకు మీద పడి, ముందు గొట్టం వంగుతుంది. అతుకు విప్పడం ముందు, రబ్బర్లు చివర. డబ్బా కింద చెక్కముక్కలు పేర్చి ఆనించి, రబ్బర్లకు సబ్బునీళ్లు రాసి, స్క్రూడ్రైవరుతో అంచు పట్టి తోస్తే జారి వచ్చేస్తాయి. పాత రబ్బర్లు పగుళ్లిచ్చి ఉంటే మళ్లీ వాడకండి.

డబ్బాను బయటికి లాగి పెరట్లో పెట్టి అటూ ఇటూ ఊపితే లోపల గులకరాళ్లు పోసినట్టు గలగలమంది. అడ్డుగోడలు విరిగి ముక్కలై ఉన్నాయి. వంచితే గొట్టంలోంచి నల్లటి నీళ్లు గ్లాసెడు కారాయి. ఎండాకాలం ఇంకా రాలేదు, వానా లేదు. ఆ నీళ్లన్నీ నేను కూరగాయలకు వెళ్లివచ్చిన ప్రయాణాల్లో పుట్టినవే.

ఆ మధ్యాహ్నం పక్కింటి కుర్రాడు వచ్చాడు. ఇంజనీరింగు మూడో సంవత్సరం. డబ్బాను చూసి, "మాస్టారూ, ఇక ఇది వద్దండి. నేరుగా ఒక పైపు పెట్టేయించండి. బండి లాగుడు పెరుగుతుంది, సౌండు కూడా బాగుంటుంది" అన్నాడు. చాలామంది కుర్రాళ్ల మాట ఇది. నేను వాడితో అన్నదే మీతోనూ అంటాను. ఇలాంటి చిన్న ఇంజనులో డబ్బా తీసేస్తే తెలిసేంత బలం రాదు, చప్పుడు పెరుగుతుంది. ఆ చప్పుడు మీ ఒక్కరికే కాదు, ఆసుపత్రి గోడ పక్కన పడుకున్న రోగికి, పరీక్షలకు చదువుకునే పిల్లలకు, ఉయ్యాలలో పసిబిడ్డకు కూడా. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను ప్రకారం శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు దాటిన బండిని రోడ్డు మీద నడిపితే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. పోలీసులు తీసేసిన సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించిన ఫోటోలు మన పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి.

సైలెన్సరు కంటే ముందు, ఇంజనుకు దగ్గరగా ఇంకో డబ్బా ఉంటుంది. దాన్ని క్యాటలిటిక్ కన్వర్టరు అంటారు. దాని లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ, దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాల పలుచని పూత ఉంటాయి. ఇందాక చెప్పిన కార్బన్ మోనాక్సైడ్‌ను అది కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు దీన్ని తప్పనిసరి చేశారు. సీసం కలిపిన పెట్రోలు పోస్తే ఇది పాడైపోతుంది కాబట్టి, దాంతో పాటే సీసం లేని పెట్రోలు తెచ్చారు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చింది. ఆ మార్పు వల్ల మన పిల్లల రక్తంలోకి వెళ్లే సీసం తగ్గింది. ఈ కన్వర్టరును పీకించి ఖాళీ గొట్టం వేయించేవాళ్లు తమ వీధి గాలినే చెడగొడుతున్నారు. ఇంటి దగ్గర పనిచేసేవాళ్లు ఆ డబ్బాను ముట్టుకోవద్దు. దాని పక్కనే ఆక్సిజన్ సెన్సరు, వైర్లు ఉంటాయి. పైగా అది విపరీతంగా కాలుతుంది. ఇంజను ఆపిన గంటలోపు చెయ్యి తగిలితే బొబ్బలెక్కుతుంది. రోడ్డు మీద ఆరబోసిన ఎండుగడ్డి, పంట బండి కిందికి చుట్టుకుని కార్లు అంటుకున్నది ఈ వేడి వల్లే. అలాంటి చోట బండి ఆపకండి. గడ్డి చుట్టుకుందని అనుమానం వస్తే దిగి చూడండి.

కొత్త డబ్బా బిగించడం సాయంత్రం రెండు గంటల్లో అయిపోయింది. విప్పినదానికి ఎదురు వరస అంతే. రెండు సంగతులు మాత్రం చెప్పాలి. గాస్కెట్ ఎప్పుడూ కొత్తదే వేయాలి. పాతది ఎంత బాగా కనిపించినా ఒకసారి నొక్కుకుపోయిన గాస్కెట్ మళ్లీ సందు మూయదు. బోల్టుల మరలకు వేడికి ఆగే కాపర్ గ్రీజు రాయండి. అయిదేళ్ల తర్వాత ఆ నట్లు విప్పేవాళ్లకు ముప్పావుగంట హ్యాక్సా పని తప్పుతుంది. మొదట అన్నీ వదులుగా తగిలించి, గొట్టం ఎక్కడా నేలరేకుకు, ఇరుసుకు తగలడం లేదని చూసుకుని, ఆ తర్వాతే రెండు బోల్టులనూ మార్చి మార్చి బిగించాలి. ఒక రోజు తిప్పాక, చల్లారాక, మళ్లీ ఒకసారి పానా వేసి చూడాలి.

స్టాండ్లు తీసి, బండిని గేటు బయటికి తెచ్చి, ఆరుబయట తాళం తిప్పాను. కుట్టుమిషను మళ్లీ ఆడింది. పక్కింటి కుర్రాడు వెనక కూర్చుని అతుకు దగ్గర చెవి పెట్టి విన్నాడు. "బుస రావట్లేదు మాస్టారూ" అన్నాడు. పాత డబ్బాను సోమవారం ఇనప సామాను వాడికి ఇచ్చేశాను.

ఈ ప్రసంగం విని ఈ ఆదివారం మీలో ఎవరైనా ఇలాంటి పనికి పూనుకోవచ్చు. అలా అయితే నా మనవి ఒక్కటే. స్టాండ్లు పెట్టి, బండిని ఊపి చూసుకున్నాక కూడా ఒంటరిగా కారు కిందికి దూరకండి. ఇంట్లో ఒకరిని పిలిచి, కారు పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, మీరు బయటికి వచ్చేదాకా మాట్లాడుతూ ఉండమనండి. ఆ రోజు మా ఆవిడ చిక్కుడుకాయలు వలుచుకుంటూ నా కోసం అలాగే కూర్చుంది.